చింతగింజ పడని బొమ్మ

డిగ్రీ పూర్తయ్యాక అనకాపల్లిలోని ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో నాకు ఉద్యోగం దొరికింది. చుట్టుపక్కల పల్లెలకు వెళ్లి, అక్కడివాళ్లు ఏ వైద్యం అందక ఎక్కువ బాధపడుతున్నారో తెలుసుకోవాలి. దాన్నిబట్టి ఆ ఊరికి నెలకొకసారి డాక్టరుతో వ్యాను వెళుతుంది. కళ్ల డాక్టరా, కీళ్ల డాక్టరా, కాన్పులు చూసే డాక్టరమ్మా అన్నది ఊరే తేల్చుకోవాలి. ఊరికి ఒక్కరే. నలుగురిలో నోరు విప్పలేని నన్ను ఆ పనికి ఎందుకు తీసుకున్నారో తెలియదు. చేతిరాత బాగుందన్నారు, సంస్థ నడిపే సారు.

అనకాపల్లిలో మా వీధి చివర నిలబడితే నర్సింగ్‌హోముల బోర్డులే కనిపిస్తాయి. తలనొప్పి వచ్చినా నడిచి వెళ్లి చూపించుకునేవాళ్లం. చీడికాడ అవతల మా పెద్దమ్మ ఊళ్లో మాత్రం బీపీ చూసే మనిషి లేదు. నర్సమ్మ చేతికింద ఊళ్లు ఎక్కువ. ఆమె వచ్చే వేళకు ఆడవాళ్లంతా చెరకు తోటల్లో ఉండేవారు. 108 బండ్లు ఇంకా రాని రోజులవి.

సంస్థ పని మీదే ఆ ఊరు వెళ్లి పెద్దమ్మ ఇంట్లో దిగాను. పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య, గానుగ దగ్గరే పడుకుంటున్నాడు, బెల్లం వండే రోజులు. వదినకు నెలలు నిండుతున్నాయి, కానీ ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. పోయినసారి బిడ్డ కడుపులోనే పోయింది. అప్పటినుంచి పెద్దమ్మకు భయం. ఎవరైనా అడిగితే, "కోడలికి ఒంట్లో బాగోలేదు" అని పంపించేసేది. ఎన్నో నెల అని నేనూ అడగలేదు. ఆ ఇంటి పద్ధతి నాకు తెలుసు.

వదిన గడప మీద కూర్చుని ఉంటే పాదాలు చూశాను. పట్టీలు చర్మంలోకి దిగిపోయాయి. వేలితో నొక్కితే పడిన గుంట ఎంతకీ పూడలేదు.

"తల కూడా పోటెడతంది అమ్మడూ. సూపు మసకేత్తంది. ఎండకేమో" అంది.

అవి ప్రమాదపు గుర్తులని సంస్థ మాకిచ్చిన పుస్తకంలో చదివాను. వెంటనే అనకాపల్లి వెళదాం అన్నాను. లోపలినుంచి పెద్దమ్మ వచ్చింది.

"పోయినసారి తిప్పేం కదే ఆస్పత్రులకి. బస్సులోనూ, వరసలోనూ, అందరి కళ్లూ దాని పొట్టమీదే. ఏటొచ్చింది సివరికి? ఈసారి గడప దాటనివ్వను."

"ఊళ్లోకే డాక్టరమ్మ వస్తే చూపిస్తావా పెద్దమ్మా?"

"ఊరందరితోపాటు అయితే సూపిత్తాను. మన ఒక్కరిమీదే కళ్లు పడవు కదా."

ఆ రోజు డైరీలో ఆ మాట రాసుకుని కింద గీత గీశాను. మర్నాటి మీటింగులో ఊరు డాక్టరమ్మను అడిగితే చాలు, వదిన బతుకుతుంది. నా లెక్క అంతే.

మీటింగు బడి వరండాలో జరిగింది. ఊరందరితోపాటే కదా అని పెద్దమ్మ వదిననూ వెంటబెట్టుకొచ్చింది. సారు పద్ధతి చాలా తేలిక. చదువు రానివాళ్లు కూడా చెప్పగలగాలని బొమ్మల అట్టలు నేలమీద పరిచేవారు. కన్ను, మోకాలు, దోమ, దగ్గుతున్న మనిషి, చివర నిండు చూలాలు. ఒక్కొక్కరికీ గుప్పెడు చింతగింజలు ఇస్తే, ఎక్కువ బాధ దేనివల్లో ఆ బొమ్మమీద వేయాలి. ఆడవాళ్లకు అది అష్టాచెమ్మా ఆడినట్టుంది. నవ్వుకుంటూ కూర్చున్నారు.

"ఓలె, నాను కంటిమీదే ఏత్తాను. మా మావకి అసలు సూపు ఆనడం లేదు" అంది ఒక ముసలమ్మ.

"ఆనితే నిన్ను సేసుకునేవోడేటి?" అంది పక్కనామె. వరండా అంతా ఘొల్లుమంది.

కన్నుమీద గింజలు పోగుపడ్డాయి. మోకాలిమీద కూడా. చెరకు నరికీ, నాట్లు వేసీ అరిగిన మోకాళ్లవి, తప్పేం కాదు. చూలాలి బొమ్మ మాత్రం ఖాళీగానే ఉంది. ఎదురుగా ముగ్గురు నలుగురు కడుపుతో ఉన్న కోడళ్లు పైట నిండా కప్పుకుని కూర్చున్నారు. వాళ్లలో ఒక అమ్మాయి చెయ్యి ఆ బొమ్మవైపు కదిలింది. పక్కనే ఉన్న అత్తగారు మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఏటే, కోరి తెచ్చుకుంటావేటి?"

ఆ అమ్మాయి గింజల్ని దోమ బొమ్మమీద వేసి తలొంచుకుంది. అప్పుడు అర్థమైంది నాకు. మోకాలిమీద గింజ వేస్తే ఉన్న నొప్పి చెప్పినట్టు. చూలాలిమీద వేస్తే రాని ఆపదను పిలిచినట్టు. భయం ఉన్న ఇల్లే ఆ బొమ్మను ముట్టదు. వదిన తన గుప్పిట విప్పి గింజలన్నీ కన్నుమీద వేసింది. పెద్దమ్మా అక్కడే వేసింది.

"ఈ ఊళ్లో కాన్పులకు ఇబ్బంది లేదన్నమాట. సంతోషం" అని సారు అట్టలు తీయబోయారు.

లేచి నిలబడ్డాను.

"ఇబ్బంది లేక కాదు సార్. భయపడి వేయలేదు. మా వదినకు పోయినసారి బిడ్డ కడుపులోనే చనిపోయింది. ఇప్పుడూ కాళ్లు వాచాయి, చూపు మసకేస్తోంది. ఇలాగే వదిలేస్తే తల్లీబిడ్డా ఇద్దరూ పోతారు."

నా గొంతు అంత పెద్దదని అప్పటిదాకా నాకు తెలియదు. ఒకామె కడుపుతో ఉన్న కోడలి భుజం పట్టుకుని అవతలికి తీసుకుపోయింది. వదిన నావైపు చూడలేదు.

సారు చెడ్డవారు కాదు. నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పారు. "మీవాళ్లని నీకు ఆదుర్దా ఉంటుందమ్మా. కానీ ఊరు చెప్పిందే మనం రాయాలి. మన ఆలోచన వాళ్ల నెత్తిన రుద్దితే ఇక వాళ్లను అడగడం ఎందుకు?"

ఆయన మాట న్యాయంగానే వినిపించింది. అదే నన్ను ఇప్పటికీ తినేస్తుంది. ఆ ఊరికి కళ్ల డాక్టరు ఖాయమయ్యారు.

ఇంటికి వచ్చాక పెద్దమ్మ ఉప్పూ మిరపకాయలూ వదిన చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. గానుగ దగ్గరికి పరుగెత్తాను. అన్నయ్య పెనంలో పాకం కలుపుతున్నాడు. విషయమంతా చెప్పి, వదినను ఈ రోజే తీసుకెళ్లు అని చేతులు పట్టుకున్నాను.

"పాకం వదిలీసి ఎలగొత్తానే? ఈ గానుగ అయిపోనీ. అమ్మకి సెప్పి తీసుకెల్తాను" అన్నాడు. పొగకు ఎర్రబడ్డ కళ్లతో, నిజంగానే తీసుకెళదామనుకుంటూ అన్నాడు.

నేను తిరిగి వచ్చేశాను. కళ్ల డాక్టరు వ్యాను ఆ ఊరికి ఇంకా మొదటిసారి కూడా వెళ్లకముందే, వదిన అనకాపల్లికి వచ్చింది. మార్కెట్‌కు బెల్లం తెచ్చే వ్యానులో, దిమ్మల మధ్య దుప్పటి పరిచి పడుకోబెట్టి తెచ్చారు. దారిలోనే ఫిట్సు వచ్చాయట. నేను ఆస్పత్రికి వెళ్లేసరికి నర్సు అన్నయ్యను నిలదీస్తోంది, బీపీ ఇంతుంటే ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారని. అన్నయ్య లుంగీకి చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

వదిన దక్కింది. బిడ్డ దక్కలేదు. ఆడపిల్ల.

పెద్దమ్మ ఏడవలేదు. నన్ను చూడగానే లేచి నిలబడింది.

"అంతమందిలో అన్నావు. పోతారని నీ నోటితో నువ్వే అన్నావు. నాను దాసుకున్నదాన్ని వీదిలో పెట్టేవు."

వదినకు తెలివొచ్చాక పక్కన కూర్చున్నాను. ఆమె కోపంగా లేదు. తెలియక అడిగినట్టే అడిగింది.

"ఎందుకన్నావమ్మడూ అలగ?"

నా మాటవల్ల కాదు వదినా అని చెప్పవచ్చు. అప్పుడు దేనివల్లో చెప్పాలి. చేతికి ఒక పట్టీ చుట్టి, గాలి కొట్టి చూసే మనిషి మీ ఊళ్లో ఉంటే నీ కూతురు ఉండేదని చెప్పాలి. మా వీధిలో అడుగడుక్కీ ఆ మనిషి ఉన్నాడని చెప్పాలి. ఖాళీ చేతులతో పడుకున్న మనిషికి ఆ నిజం కంటే నా నోటి దోషమే తేలికేమో అనిపించింది.

"తప్పయిపోయింది వదినా" అన్నాను.

"ఇంకెప్పుడూ, ఎవరి గురించీ అలగనకు. ఒట్టెయ్యి."

మర్నాడు సారుతో మరో ఊరు వెళ్లాలి. అక్కడా కడుపుతో ఉన్న కోడళ్లు ఉంటారు. వదిన సూది గుచ్చిన చెయ్యి చాపి ఎదురుచూస్తోంది. అందులో నా చెయ్యి వేశాను.