గోడ లేని నీళ్లు

ఎర్రగుంట్లలో నాతోపాటు సిమెంటు మూటలు లారీలకెత్తే యేసుప్రసాద్‌కు ఆస్తి అంటూ ఏమీ లేదు. ఉన్న రెండెకరాలూ బోర్లు ఎండి బీడు పడ్డాయి. నడుము అరిగింది, దగ్గు పట్టుకుంది. అయినా వాడికి ఒక గర్వం ఉండేది, అది ఈత. చిన్నప్పుడు వాళ్ల ఊరి కపిల బావిలో మోట గట్టు మీది నుంచి దూకి, అడుగు మట్టి పిడికిట్లో పట్టుకొని పైకొచ్చేవాడట. ఆ బావి ఎండి ఇరవై ఏళ్లయింది. కూతురు దీవెన పుట్టేనాటికే అందులో ముళ్లకంప మొలిచింది.

"పిల్లకు ఇచ్చేదానికి నా తాన ఏముండాదన్నా? ఈ ఈతొకటే. అదన్నా నేర్పిచ్చి పోతా" అనేవాడు. వినీ వినీ నాకు ఒళ్లు మండేది. తాగడానికే బిందెలు వరస కట్టే సీమలో ఈ మనిషి ఈత నేర్పుతాడట.

పోయినేడు వానలకు కొండల నడుమ రిజర్వాయరు నిండింది. అక్కడ కొత్తవాళ్లకు ఒక్క రోజులో కయాక్ తోలడం నేర్పిస్తారని దీవెన ఫోన్లో చూపించింది. సన్నటి పడవ, మనిషి కాళ్లు చాపుకొని కూర్చుని తెడ్డు వేసుకోవాలి. ఆ వంకన పిల్లకు ఈత కూడా నేర్పొచ్చని ఇక వాడు ఆగలేదు. ఆదివారం చర్చి ఉంటుంది కనుక శనివారమన్నాడు. నా షిఫ్టు కూడా తనే మార్పించాడు. ఆరింటి బస్సు, గాలి లేవకముందే నీళ్లలో ఉండాలి, తలా ఒక టోపీ, ఒక జత పొడిబట్టలు, రొట్టెలు, చెనిక్కాయల పొడి. నెల రోజులు ఇదే పాట. దీవెన మోకాలి లోతుకు మించి నీళ్లెరగని పిల్ల. భయపడుతూనే, "నాయిన ఉంటాడు కదా" అని ఒప్పుకుంది.

గట్టు మీద పడవ నేర్పే శిల్ప అనే అమ్మాయి అందరికీ లైఫ్ జాకెట్లు ఇచ్చింది. ముందు ఛాతీ లోతులో కావాలనే పడవ బోర్లించుకొని, అందులోంచి బయటికి రావడం నేర్చుకోవాలంది. మావాడు జాకెట్ పక్కన పెట్టేశాడు.

"నాకెందుకుమ్మా ఇది? బావుల్లో పెరిగినోన్ని."

"యాడ, సూపిచ్చు మరి" అన్నాను నేను. నా నోరు పడిపోను.

శిల్ప వద్దనేలోపే లోతు వైపు దూకాడు. నాలుగు బారలు అందంగా వేశాడు. బావిలో నాలుగు బారలకు గోడ దొరుకుతుంది. రాయి పట్టుకొని ఊపిరి తీసుకొని, మళ్లీ వెనక్కి. వాడి ఒంటికి తెలిసిన ఈత అంతే. ఐదో బారకు చెయ్యి చాపి తడుముకున్నాడు. ఎటు తడిమినా నీళ్లే. తిరిగి మమ్మల్ని చూసిన ఆ ముఖం నేను మరిచిపోలేను. తర్వాత తల కనిపించలేదు.

శిల్ప పడవేసుకొని పోయి జుట్టు పట్టి లాగింది. గట్టున పడి నీళ్లు కక్కుకున్నాడు. ఆ అమ్మాయి తిట్టలేదు. "మీకు ఈరోజు పడవ ఇవ్వలేనండీ. పాపను మాత్రం నేను దగ్గరుండి తీసుకెళ్తా" అంది.

దీవెన అప్పటికే జాకెట్ విప్పుతోంది.

"నువ్వు పోమ్మా, జాకెట్టుండాది, ఏం కాదు" అని వాడు పడుకునే బతిమాలాడు.

"వద్దు నాయినా. ఇంటికి పోదాం."

ఆ పిల్ల ఇక జన్మలో నీళ్లలో దిగదని నాకు అర్థమైంది. వాడికీ అర్థమైంది.

సాయంత్రం వాళ్లింట్లో వాడి భార్య జీవమ్మ మాకు అన్నం వడ్డిస్తూ కూతుర్ని అడిగింది. "ఈదినాడా మీ నాయిన?"

దీవెన కంచంలోకి చూస్తూ చెప్పింది. "శానా బాగా ఈదినాడుమా. అందరూ నిలబడి సూసినారు."

యేసుప్రసాద్ ముద్ద కలిపిన చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. మునిగినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది వాడికి.