చివరి బెంచీ కోసం ఆగిన తీగ

మొదట జుమ్మని సన్నని మోత. ఆగింది. మళ్ళీ జుమ్మంది. నాటకం చూద్దామని నేను ముందే చేరిన నాంపల్లిలోని ఆ పాత హాలులో, ఖాళీ కుర్చీల మీద వెలుగు తడబడింది. నీలం పడవలసిన చోట ఎరుపు, ఎరుపు పడవలసిన చోట చీకటి. అప్పుడు వేదిక కింది నుంచి ఒక తల లేచింది, నోట్లో టార్చితో. జెర్లిన్.

అబిడ్స్‌లో చిరాగ్ అలీ గల్లీలో మెట్లెక్కితే ఆమె దుకాణం. పొద్దంతా టీవీ బోర్డులు బాగుచేస్తుంది. సాయంత్రాలు మిగుల్చుకుని, నాటకాల దీపాలు నడిపే యంత్రం సొంతంగా చేసుకుంది. బేగం బజార్‌లో కొన్న స్టీలు పోపుల డబ్బాలో దాన్ని బిగించింది. ఇవాళ చర్చివాళ్ళ నాటకానికి అదే మొదటిసారి వెలుగు ఇవ్వాలి.

"గీ పోపుల డబ్బాతోని నాటకం ఆడిస్తవా బిడ్డా?" అన్నాడు హాలు కరెంటు పని చూసే రాజయ్య. "బబ్లూకు ఫోన్ చేసిన. కిరాయి లైట్ల బోర్డు తెస్తుండు. గాడు వచ్చేదాంక నీది నడిస్తే నీది. లేకుంటే మూత పెట్టు."

"పోపు వేగాల్నంటే జర ఆగాలె రాజన్నా."

దీపాలన్నిటికీ ఆజ్ఞలు ఒక్క తీగ మీదే వెళతాయి, అంకె వెనుక అంకె. మాట లేనప్పుడు తీగలో వోల్టేజీ పైన నిలిచి ఉంటుంది. ప్రతి అంకెకూ కిందికి దిగుతుంది, ముగియగానే పైకి లేస్తుంది. ఉత్త సున్నా అయినా చివర లేవాల్సిందే. లేవకుండా, ఏ అంకెకూ పట్టనంత సేపు కిందే ఉండిపోతే, దాన్ని బ్రేక్ అంటారు. అది వినగానే అవతల దీపాలకు కరెంటు పంచే పెట్టె లెక్క వదిలేసి మళ్ళీ ఒకటో దీపం దగ్గరికి వస్తుంది. వినకపోతే వరస తప్పుతుంది. ఒకరి వెలుగు మరొకరి మీద పడుతుంది.

దుకాణంలోని కొత్త దీపాలు ఆమె బ్రేక్‌ను ఇట్టే పట్టుకున్నాయి. ఇక్కడ ఎందుకో పట్టడం లేదు. తీగలు మార్చింది. మోత మారలేదు.

వేదిక మీద ఆమె తండ్రి సామ్ సుందర్ పాట సాధన చేయిస్తున్నాడు. ఒక చరణం అయింది. పిల్లలు తరువాతి దానికి నోరు తెరిచారు. ఆయన దించిన చెయ్యి ఎత్తలేదు. వెనుక బెంచీలో నాయనమ్మ సుగుణమణి చివరి మాటను ఇంకా సాగదీస్తూనే ఉంది. వాళ్ళ చర్చిలో అదే పద్ధతి: ముసలివాళ్ళ గొంతు దిగేదాకా కొత్త చరణం ఎత్తరు.

"డాడీ, నాయనమ్మతోని పాడితే నాటకం రేపటికి అయితది," అన్నాడు ఆ పిల్లల్లో ఉన్న జెర్లిన్ తమ్ముడు.

"అయితే కానీ. ఆమె దిగినంకనే ఎత్తాలె."

జెర్లిన్ టార్చి నోట్లోంచి తీసింది. వేదిక పక్కనున్న పాత పెట్టె వైపు చూసింది. తాను దుకాణంలోని కుర్ర దీపాలకు సరిపోయేంతే ఆగింది. ఈ పెట్టె, నాయనమ్మలా, వెనుక బెంచీది.

బ్రేక్ కోసం ఆమె ఒక సున్నాను నెమ్మదిగా పంపుతుంది. వేగం తగ్గితే సున్నా సాగుతుంది. ఆ ఒక్క సున్నాకు వేగం ఇంకా తగ్గించింది. తీగ కిందికి దిగి, కిందే నిలిచి, పాత పెట్టె విన్నాక లేచింది.

మోత ఆగింది. నీలం వచ్చింది, నీలం రావలసిన చోటనే. తరువాత ఎరుపు. తరువాత పసుపు, తెల్లవారినట్టు, సుగుణమణి జరీ అంచు దాకా. పిల్లలు చేతులు చాచి ఆ వెలుగును పట్టుకున్నారు. హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టయింది.

రాజయ్య ఫోన్ తీశాడు. "బబ్లూ, కోఠి దాటినవా? బోర్డు వద్దురా. చాయ్ తాగి వాపస్ పో. ఏమైందా? పోపుల డబ్బా గెలిచింది."

కుర్చీలు నిండాయి. తెర వెనుక జెర్లిన్ పక్కన నిలబడ్డాను. ఆమె నావైపు తిరగకుండానే, వేళ్ళు మీటల మీద ఉంచి చెప్పింది:

"పోయి ముంగట కూసోండ్రి. మొదలు చీకటైతది, ఫికర్ చేయకుండ్రి. అది నేను కావాలని పట్టుకున్న చీకటే."