ఆఖరి బంతిలో కూర్చున్న అల్లుడు

నేనూ బడీ ఎనిమిదో తరగతిలో విడిపోయాం. గొడవేం లేదు, ఇద్దరికీ ఇష్టమయ్యే విడిపోయాం. తర్వాత తెనాలిలో టెంటు హౌసు పెట్టుకున్నాను. షామియానాలు, కుర్చీలు, గుండిగలు, గరిటెలు అద్దెకిస్తాను. పెళ్ళికైనా దినానికైనా అవే కుర్చీలు, కూర్చున్నవాళ్ళ ముఖాలే మారతాయి.

మా అక్క మొగుడు మాత్రం చదువుని వదల్లేదు. బాపట్లలో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. చెప్పడానికి పిల్లలు లేకపోయేసరికి ప్రపంచానికి చెప్పడం మొదలుపెట్టాడు. ప్రపంచంలో పేదరికం పోవాలంటే ప్రభుత్వాలు ఏం చెయ్యాలనేది ఆయన పాఠం. మహా కోటీశ్వరుల మీద దేశాలన్నీ కూడబలుక్కుని ఒకేసారి పన్ను వెయ్యాలంటాడు, లేకపోతే వాళ్ళు గోడ దూకి పక్క దేశంలోకి పోతారట. పేద దేశాల బాకీలు కొట్టెయ్యాలంటాడు. ఆ బాకీలిచ్చే పెద్ద సంస్థల్లో పేద దేశాలకీ సమానంగా మాట ఉండాలంటాడు. రిటైరైన మాస్టర్ల మీటింగుల్లో ఇవన్నీ చెబుతాడు. వాళ్ళు చప్పట్లు కొట్టి టీ తాగి ఇళ్ళకి పోతారు.

ఏటా కోత పండక్కి మేమిద్దరం తెనాలిలో రైలెక్కి రేపల్లె వెళ్తాం. రేపల్లె పక్కనే మా మేనత్త ఊరు. మా అమ్మ కూలికి పోతే నన్ను పెంచింది ఆవిడే. ఇప్పటికీ ఒంటరిగా, ఓపికున్నన్నాళ్ళు నాట్లకి పోతూ, ఎవరి చేతి కిందా లేకుండా బతుకుతోంది. కోత పండగ నాడు పొద్దున గుడిలో, అంటే మా చర్చిలో, ఎవరి పంటలో వాళ్ళు కానుక పెడతారు. ఒకరు వడ్ల బస్తా, ఒకరు కోడిపుంజు, ఒకరు అరటిగెల. మధ్యాహ్నం ప్రేమవిందు. ఊరంతా బంతులు బంతులుగా కూర్చుని తింటుంది. గుండిగలు నావే, వేటకూర వడ్డించే గరిటె కూడా నా చేతిలోనే.

ఆ గరిటె పట్టుకున్నాకే నాకు రాజకీయం తెలిసింది. మొదటి బంతిలో సంఘ పెద్దలు, బస్తీ నుంచి వచ్చిన ఉద్యోగస్తులు, ఊరి అల్లుళ్ళు. వాళ్ళకి ముక్కలు. రెండో బంతికి ఎముకలు. మూడో బంతికి పులుసు. ఆఖరి బంతి అంటే పొయ్యి దగ్గర చెమటోడ్చిన ఆడవాళ్ళు, గుడి ఊడ్చిన మా అత్త. వాళ్ళకి గరిటె గుండిగ అడుగు గీకే చప్పుడు.

"బావా, నీ ప్రపంచం ఇదే కదా," అన్నాను ఒక ఏడాది రైల్లో.

"అదే రా. ప్రపంచమే ఒక ప్రేమవిందు. ప్రేమ తక్కువ, అంతే."

"మరి మొదటి బంతిలో పెద్ద ముక్క తినేది నువ్వే కదా?"

"నేను అల్లుణ్ణి. కూర్చోకపోతే మీ అత్తయ్య ఊరుకుంటుందా?"

"కోటీశ్వరులు కూడా ఇదే చెబుతారేమో, వాళ్ళత్తగార్లని అడగాలి."

ఆ మాట బావని గుచ్చింది. ఊళ్ళో దిగగానే పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్ళి, ఈసారి బంతులు తను చూసుకుంటానన్నాడు. సాయం అసలు అవసరమైనవాళ్ళకి ముందు అందాలి, అదీ ఆయన పథకం. బాగానే ఉందన్నారు అయ్యగారు. నేను కూడా బాగానే ఉందనుకున్నాను, ఎనిమిదో తరగతి బుర్ర కదా.

ప్రార్థన అయ్యింది, ఆకులు పరిచారు. బావ మైకు తీసుకున్నాడు. "సంఘంలోని నిరుపేద సహోదరులు, సహోదరీలు దయచేసి మొదటి బంతిలో కూర్చోవాలని మనవి."

ఒక్కరూ కదల్లేదు. నిలబడ్డవాళ్ళలో సగానికి పైగా నిరుపేదలే. కానీ వియ్యంకుడి ముందు, తోటికోడలి ముందు, నిన్న పంపు దగ్గర పోట్లాడినావిడ ముందు, ఇదిగో నేనే నిరుపేదనని ఎవరు పోయి కూర్చుంటారు? ఆకులు గాలికి ఎగురుతుంటే పిల్లలు వాటి మీద గ్లాసులు పెడుతున్నారు. ఎలాగైనా మొదలెట్టాలని బావ చుట్టూ చూశాడు. మా అత్త కనపడింది.

"అత్తయ్యగారూ, రండి రండి. ముందు మీరే కూర్చోవాలి."

మైకులోనే అన్నాడు. అద్దెకిచ్చిన మైకు కూడా నాదే, ఎంత బాగా పలికిందో.

అత్త చేతిలో చీపురు గోడకి ఆనించింది. కొంగు సర్దుకుంది. గేటు దాటి ఇంటికి వెళ్ళిపోయింది. నేను గరిటె వదిలేసి వెనకాలే పరుగెత్తాను.

"అత్తా, బావ మంచికే చెప్పాడు."

"పొద్దున దేవుడికి గుమ్మడికాయ ఇచ్చాను. మధ్యాహ్నానికి నిరుపేదనయ్యానంట్రా?"

నేను వెనక్కొచ్చి మళ్ళీ గరిటె పట్టుకున్నాను.

ఆ రోజు నుంచి అత్త బావతో మాట మానేసింది. మానేసిందంటే మరీ మానెయ్యలేదు, అదే బాధ. బావ ఫోన్ చేస్తే, "బాగున్నానండి అల్లుడుగారూ, మీరు బాగున్నారా," అని పెట్టేసేది. అంత మర్యాదని మనిషి తట్టుకోలేడు. మామూలుగా అయితే మామిడికాయ పప్పులో పులుపు దగ్గర్నుంచి రేపల్లె బస్సు ఎన్ని గుంతల్లో పడిందో దాకా చెప్పేది. ఇక కోత పండగ విందుకి రానని అక్కకి కబురు కూడా పంపింది. బావ మీటింగులకి పోవడం తగ్గించాడు. పన్నుల మాట ఎత్తితే టాపిక్ మార్చేవాడు. ఇంట్లో ఈయన మూగనోము పట్టాడు, నువ్వొచ్చి నాలుగు తిట్టిపోరా అని అక్క నాకు ఫోన్ చేసింది.

మళ్ళీ కోత పండగ దగ్గరపడ్డాక బావే తెనాలి వచ్చాడు. నేను గుండిగలకి చింతపండు రుద్దిస్తున్నాను. ఎదురుగా కుర్చీ వేసుక్కూర్చున్నాడు.

"తప్పెక్కడుందో తెలిసింది రా. పేదవాళ్ళెవరో చెయ్యెత్తండి అనడంలోనే ఉంది. ఎవర్నీ అడక్కూడదు. అందరికీ ఒకటే ఇవ్వాలి."

"ఇచ్చేది నేను. గుండిగ అడుక్కి వచ్చేసరికి నా దగ్గరేం ఉంటుంది? అందరికీ ఒకటే పులుసు."

"అందుకే ఇంకో షరతు. గరిటె మీద మాట చెల్లేవాళ్ళందరూ ఆఖరి బంతిలో కూర్చోవాలి. పెద్దలు, ఉద్యోగస్తులు, అల్లుళ్ళు. వాళ్ళు ఆఖర్న తింటే కూర ఎందుకు అయిపోద్దో చూద్దాం."

నేను చేతులు కడుక్కుని ఆయన్ని చూశాను. "నువ్వో?"

"నేనూ అంతే."

"ఉత్త పులుసే మిగిలితే?"

"ఉత్త పులుసే తింటా."

మేకమెడ ముక్క కోసం చుట్టాల పెళ్ళిలో అలిగిన మనిషి.

సంఘ పెద్దల్ని ఒప్పించడం పేద దేశాల బాకీ కొట్టేయించడం కంటే కష్టమైంది. ఒకాయన, "నాకు షుగరు, టైముకి తినాలి," అన్నాడు. ఆయన చేతిలో రెండు అరటిపళ్ళు పెట్టాం. ఇక కారణం దొరక్క ఒప్పుకున్నాడు. మిగతావాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ముందు నేను కాదనడమెందుకని ఊరుకున్నారు. మంచి పనులు చాలా వరకు ఇలాగే జరుగుతాయనుకుంటా.

పండగ ముందు రోజు సామాను ట్రాలీ ఆటోలో దించి అత్త ఇంటికి పోయాను. అరుగు మీద ఎండు రొయ్యల తలలు గిల్లుతోంది.

"రేపు రావా అత్తా?"

"రానని చెప్పాను కదరా."

"పోనీలే. బావ మాత్రం ఆఖరి బంతిలో కూర్చుంటాడంట."

రొయ్య చేతిలోనే ఆగిపోయింది. "ఎవరు కూర్చోబెట్టారు?"

"ఎవరూ కాదు. తనే."

"మనింటి అల్లుడా? ఆఖర్నా? ఊళ్ళో మగాళ్ళందరూ తినిపోయాక అడుగూ బొడుగూ గీకి పెడతారా ఆయనకి?"

"పెద్దలు కూడా ఆఖర్నే."

"వాళ్ళెక్కడ కూర్చుంటే నాకేంటి. అల్లుడు రా." మళ్ళీ రొయ్యలు గిల్లడం మొదలెట్టింది, కానీ తలలు ఇటు, తోకలు అటు పోతున్నాయి.

మర్నాడు పొద్దున ఆరాధనలో అత్త కనపడలేదు. గుమ్మడికాయ ఎవరితోనో పంపింది. బావ గుడి గేటు వైపే చూస్తూ పాటలన్నీ తప్పుగా పాడాడు. మధ్యాహ్నం మొదటి బంతి కూర్చుంది. ఆడవాళ్ళు, కూలోళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు, ఎవరు ముందొస్తే వాళ్ళు. ఎవర్నీ ఎవరూ ఏమీ అడగలేదు. నేను గరిటె ముంచాను. వెనక నుంచి గొంతు వినపడింది.

"ఒరేయ్, ఆ ఆకులో అంతెందుకు? అల్లుడుగారు ఇంకా తినలేదు."

అత్త. కొత్త చీర కట్టుకుని, గుండిగ పక్కన పీట వేసుక్కూర్చుంది. అటు వైపు పెద్దలు కూడా వంతుల వారీగా వచ్చి గుండిగలోకి తొంగి చూసి పోతున్నారు. "సమానంగా వెయ్యి, ఏడిపించకు," అంటున్నారు. ఇన్నేళ్ళలో ఆ గుండిగ మీద ఇంత శ్రద్ధ నేనెరగను. ఏ ముక్క ఎవరి ఆకులో పడిందో ఊరంతా కాపలా కాసింది. ఆకుకి ఇంతని పడింది, పెద్దవీ లేవు, ఉత్త పులుసూ లేదు.

ఆఖరి బంతికి కూర మిగిలింది. బావ కూర్చున్నాడు. ఒక ఆకు ఎడంగా అత్త కూర్చుంది. అల్లుడి బంతిలో అత్తగారు కూర్చుని తినడం మా ఇంట్లో అంతకుముందు లేదు.

"అత్తయ్యగారూ, పోయినేడాది నేను..."

"అన్నం చల్లారిపోద్దండి. తినండి." నా వైపు తిరిగి, "ఆయనకింకో ముక్క వెయ్యి రా."

"వద్దండి, అందరికీ సమానం," అన్నాడు బావ.

"ఆ సమానం సంగతి చెయ్యి కడుక్కున్నాక మాట్లాడుకుందాం. మామిడికాయ పప్పులో ఈసారి పులుపు చాల్లేదు, చూశారా? రేపల్లెలో కాయే అలాగుంది. ఆ బస్సు కూడా..."

బావ తలొంచుకుని తిన్నాడు. పప్పు గురించీ బస్సు గురించీ మొత్తం విన్నాడు, ఒక్క గుంత కూడా వదలకుండా.

నేను గుండిగ వంచి చూశాను. ఖాళీ. వడ్డించేవాణ్ణి మేం లెక్కలోకే తీసుకోలేదు. నా ముఖం చూసి అత్త పీట కిందకి చెయ్యి పెట్టింది. మూత పెట్టిన స్టీలు గిన్నె తీసి నా చేతికిచ్చింది. నిండా వేటకూర, పైన మెడ ముక్క.

బావ చూశాడు. "ఇది అవినీతి అత్తయ్యగారూ."

"కాదండి," అంది అత్త. "మేనల్లుడు."