మా బావ క్యూ కర్ర మార్చిన వైనం

మా బావ లిఫ్టు మెకానిక్కు. లిఫ్టు మధ్యలో ఆగిపోయి లోపల మనుషులు ఇరుక్కున్నారంటే, ముందు పనిముట్ల సంచీ కింద పెట్టి, తలుపు సందులో నోరు పెట్టి మాట కలిపేవాడు. "లోపల ఎవరండీ? భోజనాలయ్యాయా?" అని మొదలుపెట్టేవాడు. ఎవరైనా ఏడుస్తుంటే పిల్లలేం చదువుతున్నారని అడిగేవాడు. తలుపు తెరుచుకునేసరికి లోపలివాళ్లు భయం సంగతి మరిచిపోయి బావతో చుట్టరికం కలుపుకునేవారు. ఆ మాటకారితనమంతా లిఫ్టు దగ్గరే. ఇంటికొస్తే నోట్లో ముత్యాలున్నట్టు కూర్చునేవాడు. ఈయన మాట వినాలంటే నేను కూడా ఏ లిఫ్టులోనో ఇరుక్కోవాలేమో అనేది మా అక్క.

అలాంటి మనిషికి ఒకసారి మోటారు దింపుతుంటే కాలు జారింది. బరువంతా కుడి భుజం మీద పడింది. ఆపరేషన్ చేశారు. భుజం బాగుపడింది గానీ, మళ్లీ పైకెక్కి బరువులు మొయ్యకూడదన్నారు. కంపెనీవాళ్లు ఉద్యోగం తీసెయ్యలేదు. ఆఫీసులో కుర్చీ వేసి, ఫోను ముందు కూర్చోబెట్టారు. ఎక్కడ లిఫ్టు ఆగితే అక్కడికి మెకానిక్కుల్ని పంపడం పని. జీవితమంతా చీకటి గోతుల్లో ఇనప తాళ్ల మధ్య నిలబడ్డవాడికి ఆ కుర్చీలో కూర్చుంటే ముళ్ల మీద ఉన్నట్టుండేది.

ఆ ఉక్రోషమంతా ఇంటి మీద తీర్చుకునేవాడు. స్క్రూడ్రైవర్ ఎడం చేత్తో పట్టుకుని, కంటికి కనిపించిన ప్రతి మరనీ బిగించేవాడు. కిటికీ గడియలు, కుక్కరు పిడి, ఇద్దరి కళ్లజోళ్ల కాడలు, ఏదీ వదల్లేదు. బీరువా తెరవాలంటే అక్క ఒక కాలు గోడకి తన్నిపెట్టి లాగాల్సొచ్చేది. ఒకరోజు నాకు ఫోను చేసి, "ఒరే, మీ బావని సాయంత్రాలు ఎక్కడికైనా తీసుకెళ్లరా. ఇలాగే వదిలేస్తే నన్ను కూడా గోడకి బిగించేసేలా ఉన్నారు" అంది.

నేను స్కూల్లో డ్రాయింగు మాస్టార్ని. సాయంత్రాలు నాకు తీరికే. కానీ ఎక్కడికి తీసుకెళ్లాలో తోచలేదు. దారి చూపించింది భుజానికి వ్యాయామం చేయించే అమ్మాయి. మోచెయ్యి కదలకుండా ముంజెయ్యిని మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపమని ఆవిడ చూపిస్తుంటే, బావ ఎన్నాళ్లకో నవ్వి, ఇది స్నూకర్ ఆటే కదండీ అన్నాడట. ఆడగలిగితే అంతకంటే మంచి వ్యాయామం లేదు, గంటకి మించకుండా ఆడండి అందట ఆవిడ. ఆ మాట పట్టుకుని అక్క అదే రోజు అటక దగ్గర నిచ్చెన వేయించింది.

బావ ఒకప్పుడు స్నూకర్ బాగా ఆడేవాడు. పెళ్లికి ముందు, డ్యూటీ దిగితే నేరుగా హాలుకే. అక్కడ బావని 'గోడ' అనేవారు. దూకుడుగా కొట్టే రకం కాదు. అవతలివాడికి కొట్టడానికి ఏ బంతీ దొరక్కుండా, తెల్ల బంతిని తీసుకెళ్లి ఏ మూలనో దాచేసేవాడు. అవతలివాడు విసిగిపోయి తప్పు చేసేదాకా కర్ర కొనకి చాక్ రాసుకుంటూ కూర్చునేవాడు. పెళ్లయ్యాక కూడా ఆడాడు. పాప పుట్టాక వారానికోసారి అయింది, తర్వాత నెలకోసారి. ఈలోగా ఆ హాలు ఎత్తేసి సోఫాల దుకాణం పెట్టారు. ఇంక ఆడకూడదని ఎవరూ అనలేదు, బావా అనుకోలేదు. ఆట దానంతటదే జారిపోయింది.

బంతుల్ని కొట్టే క్యూ కర్ర మాత్రం అటకెక్కింది. పొడుగాటి పెట్టెలో రెండు ముక్కలుగా పడుకుని ఉంది. పైన రేకు, కింద వంటింటి ఆవిరి. నేను పెట్టె అందించి దిగేసరికి బావ నేల మీద చతికిలబడి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. కొనమీద తోలు టిప్పు ఎండి రాయిలా ఉంది. రెండు ముక్కలూ కలిపి బిగించి, నేల మీద దొర్లించాడు. క్యూ తిన్నగా ఉంటే చప్పుడు లేకుండా దొర్లిపోవాలి. ఇది నడుము పట్టేసిన మనిషిలా లేస్తూ కూలబడుతూ వెళ్లింది.

"వంకర తిరిగిపోయిందండీ" అంది అక్క. కొత్తది కొనుక్కోమంది.

బావ ఒప్పుకోలేదు. నేల ఎగుడుదిగుడుగా ఉందన్నాడు. నేల ఇంకో గదిలో బాగుంటుందని అక్కడికి తీసుకెళ్లి దొర్లించాడు. అక్కడా అంతే. ఆ మాత్రం వంపు మొదట్నించీ ఉందని, తనకి తెలుసని తేల్చేశాడు. "నీ ఇంట్లో నేలలు కూడా బిగించాల్సిందే బావా" అన్నాను. 

మాకు దగ్గర్లో టైర్ల దుకాణం పైన కొత్త హాలొకటి ఉంది. నాలుగు బల్లలు, ఒక్కో బల్ల మీదా తక్కువ ఎత్తులో దీపాలు. హాలు నడిపేది ఒక లావుపాటి పెద్దాయన. ఆయన నడిస్తే చెక్క నేల మూలుగుతుంది గానీ, ఎవరైనా కొట్టడానికి వంగితే మాత్రం ఎక్కడివాడక్కడ ఆగిపోయి ఊపిరి కూడా బిగబట్టేవాడు. ఆయనే బావ క్యూకి కొత్త టిప్పు అంటించి, అంచులు గుండ్రంగా అరగదీసి ఇచ్చాడు. క్యూని దీపానికెదురుగా పట్టుకుని కొన నుంచి మొదలుదాకా ఒకసారి చూశాడు. ఏమీ అనలేదు. అనకపోవడం బావకి నచ్చింది.

ఇక ఆట సంగతి చెప్పాలి. మొదటిరోజు బావ కొట్టిన ఎర్ర బంతులు బల్ల అంచునుండే జేబు దగ్గరిదాకా వెళ్లి, మొహమాటపడి వెనక్కొచ్చేసినట్టు వచ్చేవి. నాకు ఆట రాదు. అయినా నేనే గెలిచేలా ఉంటే, కావాలని తప్పు కొట్టాల్సి వచ్చింది. గురి తప్పినప్పుడల్లా బావ క్యూని పైకెత్తి దాని కొనకేసి చూసేవాడు. వంపు ఇంకా కుదురుకోలేదు, ఎన్నాళ్లకో బయటికొచ్చింది కదా అనేవాడు. వారాలు గడిచినా అదే తీరు.

ఒకసారి బావ తన క్యూ నాకిచ్చి చాక్ రాయమంటే, నేను పక్కనున్న హాలు క్యూ తీసి చేతికిచ్చాను. పరధ్యానంగా దాంతోనే కొట్టాడు. నీలం బంతి మధ్య జేబులో టకీమని పడింది. వెంటనే ఇంకో ఎర్రది. నాకు ప్రాణం లేచొచ్చింది. బావ మాత్రం కాలుతున్న గిన్నె పట్టుకున్నవాడిలా ఆ క్యూని గోడకి ఆనించేసి, మళ్లీ తన వంకర కర్రే తీసుకున్నాడు. అడిగితే, అది బరువెక్కువ అన్నాడు. నాకు అర్థం కాలేదు. అక్కకి చెప్పాను.

తర్వాతి ఆదివారం అక్క కూడా వచ్చింది. భుజం ఎలా ఉందో చూడ్డానికి వస్తున్నానంది. అక్క బేకరీలో పనిచేస్తుంది. కేకుల మీద క్రీముతో పేర్లు రాసే పని. రోజంతా ఊపిరి బిగబట్టి, సంచీ కొన నుంచి సన్నటి తీగలా క్రీము వదిలే మనిషి. హాల్లో ఓ మూల కుర్చీలో కూర్చుని, బావనే చూసింది. బంతులెటు పోతున్నాయో చూడలేదు. బావ కళ్లెటు పోతున్నాయో చూసింది. ఆట అయ్యాక మెట్లు దిగి, కింద టీ బడ్డీ దగ్గర బల్ల మీద ముగ్గురం కూర్చున్నాం. టీ సగం తాగాక అక్క మెల్లగా అంది.

"కొత్తది కొంటే తప్పు ఎవరి మీద వెయ్యాలా అని కదూ మీ దిగులు?"

బావ గ్లాసు కింద పెట్టాడు. కోప్పడతాడేమో అనుకున్నాను. లిఫ్టు సందులో మాట్లాడే గొంతుతో అన్నాడు.

"మంచి కర్ర చేతిలో ఉండి కూడా ఆడలేకపోయాననుకో. ఇంక చెయ్యే పోయిందని ఒప్పుకోవాలి కదే. ఉద్యోగంలో ఎలాగూ ఒప్పుకున్నాను. ఇక్కడ కూడానా?"

అక్క కుడిచేతి మణికట్టు ముందుకు చాపి చూపించింది. అది ఒకప్పుడు వాచి, పట్టేసి, పెద్ద సంచీ పిండలేక ఏడ్చిన చెయ్యి. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలీదు, బావకి తెలుసు.

"నేను చిన్న సంచీకి మారాను. అక్షరాలు చిన్నవయ్యాయి. అప్పట్లా గులాబీలు పెట్టలేను. కానీ ఇప్పటికీ పేర్లు నేనే రాస్తున్నాను" అంది. "మీ చెయ్యి పోలేదండీ, మారింది. మారిన చేతికి ఏ కర్ర సరిపోతుందో చూడండి."

బావ టీ పూర్తిచేసి, అక్క గ్లాసు కూడా తీసుకెళ్లి ఇచ్చొచ్చాడు. మర్నాడు పొద్దున్నే నాకు ఫోను చేసి, ఆటసామాన్ల దుకాణం ఎన్నింటికి తెరుస్తారని అడిగాడు.

ఆ దుకాణంలో నా ఓపికకీ, సామాన్లు అమ్మే అమ్మాయి ఓపికకీ పెద్ద పరీక్షే అయింది. బావ ఒక్కో క్యూని లిఫ్టు తాడు చూసినట్టు చూశాడు. కంటికి ఆనించి చూశాడు, వేలి మీద నిలబెట్టి తూచాడు, గాజు బల్ల మీద దొర్లించాడు. అమ్మే అమ్మాయి మొదట్లో ప్రతిదాని గొప్పా చెప్పింది, తర్వాత అలిసిపోయి స్టూలు మీద కూర్చుంది. నల్ల చెక్క మీద పూలు చెక్కిన ఒక క్యూ నాకు బాగా నచ్చింది. అది పెళ్లికి పంపడానికి బాగుంటుందన్నాడు బావ. చివరికి ఏ సోకూ లేని, తేలికపాటి క్యూ ఒకటి తీసుకుని, మోచెయ్యి వంచి ముందుకీ వెనక్కీ ఊపాడు. ఇంకోసారి ఊపాడు. భుజం నొప్పితో మొహం చిట్లించకుండా చెయ్యి ఊపడం నేను అప్పుడే చూశాను. అమ్మాయి స్టూలు మీంచి లేచి బిల్లు పుస్తకం తీసుకుంది.

కొన్నాడు గానీ వారం దాకా ఆడలేదు. కొత్త కర్రకి ఇల్లు అలవాటవ్వాలన్నాడు. మంచం పక్కనే నిలబెట్టుకున్నాడట. కొత్త కోడల్ని కూడా ఇంత అపురూపంగా చూసుకోరని అక్క వేళాకోళం చేస్తే, వినిపించనట్టు ఉన్నాడట.

కొత్త క్యూతో మొదటిరోజు ఆట ఏమీ గొప్పగా లేదు. చాలాసార్లు గురి తప్పాడు. కానీ తప్పిన ప్రతిసారీ క్యూకేసి చూడ్డం మానేశాడు. కాసేపు బల్లకి దూరంగా నిలబడి, తన మోచేతికేసి చూసుకున్నాడు. చెయ్యి వెనక్కి అంత లాగక్కర్లేదని కనిపెట్టాడు. పాదాలు కొంచెం దగ్గరగా పెట్టి, వంగడం తగ్గించి, చిన్న దెబ్బ కొట్టాడు. ఆ రోజు చివర్లో, దూరపు మూల జేబులోకి ఒక ఎర్ర బంతి గీత గీసినట్టు వెళ్లి పడింది. బావ నవ్వలేదు, గంతెయ్యలేదు. హాలు పెద్దాయనకేసి చూశాడు. ఆయన తలూపాడు.

ఈలోగా ఇంకోటి జరిగింది. మేము ఆడుతుంటే ఊరికే కూర్చోలేక, అక్క, బావ అలవాటుగా తెచ్చి మూల పెట్టిన పాత క్యూ తీసుకుని ఖాళీ బల్ల మీద బంతులు కదపడం మొదలుపెట్టింది. బావ చూసి, అది వంకరదే, నువ్వు హాలు క్యూ తీసుకో అన్నాడు. ఉండనివ్వండి అంది. బావ వెళ్లి, క్యూ మీద ఒక చిన్న ముడి చూపించి, ఇది ఎప్పుడూ పైకే ఉంటే వంపు ఎప్పుడూ ఒకేలా ఉంటుందని చెప్పాడు. అక్క వంగింది. కేకు మీద పేరు మొదలుపెట్టే ముందులాగే ఊపిరి బిగబట్టింది. నెమ్మదిగా కొట్టింది. పడింది. గాలివాటుగా పడిందనుకున్నాం. ఇంకోటీ పడింది. తిన్నటి కర్ర ఎలా ఉంటుందో అక్కకి తెలీదు కాబట్టి, వంకర కర్రతో పేచీ లేదు.

వేసవిలో హాల్లో చిన్న పోటీ పెట్టారు. బావ మొదటి ఆటలో గెలిచాడు, రెండోదాంట్లో ఒక పళ్ల డాక్టరు చేతిలో ఓడిపోయాడు. చివరి నల్ల బంతి దాకా వచ్చి ఓడాడు. డాక్టరు చెయ్యి కలుపుతూ, మీతో ఆడుతుంటే గోడకి తల కొట్టుకున్నట్టుంది అన్నాడు. పాత పేరు ఆయనకెవరూ చెప్పలేదు. బావ ఆ మాట ఇంటికొచ్చేదాకా కనీసం మూడుసార్లు చెప్పుంటాడు. అవును, దారి పొడుగునా ఆగకుండా మాట్లాడాడు. గులాబీ బంతి ఎలా తప్పింది, గోధుమ బంతి వెనక తెల్ల బంతిని ఎలా దాచాడు, డాక్టరు మొహం ఎలా పెట్టాడు, అన్నీ. అక్క ప్రతిదానికీ ఊఁ కొడుతూ నడిచింది.

ఇప్పుడు ఆదివారాలు ఇద్దరూ కలిసే వెళ్తున్నారు. నా అవసరం తీరిపోయింది. మొన్న మాట వరసకి చూసిపోదామని వెళ్తే, మెట్ల మీదే వాళ్ల గొంతులు వినిపించాయి. కొట్టకముందే అక్క క్యూ బంతికి తగిలిందని, అది తప్పు కిందే లెక్కని బావ, తగల్లేదని అక్క. "నా కళ్లతో చూశానే" అంటున్నాడు బావ. "మీ కళ్లజోడు మరలు కూడా మీరే బిగించారు, అందుకే అలా కనిపిస్తోంది" అంటోంది అక్క. తీర్పు చెప్పమని హాలు పెద్దాయన్ని అడిగితే, ఆయన దూరంగా నిలబడి దీపం తుడుస్తున్నట్టు నటిస్తున్నాడు. నన్ను చూస్తే నన్ను లాగుతారని భయమేసి, చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగొచ్చేశాను.