సగం సూది

సహోదరులారా, సహోదరీలారా, ఈ మాట చెప్పాక మీలో కొందరికి నా ముఖం చూడబుద్ధి కాకపోవచ్చు. అయినా దాచుకుంటే నాకు శాంతి లేదు కాబట్టి దేవుని ఎదుట, మీ ఎదుట ఒప్పుకుంటున్నాను.

మాది బెల్లంపల్లి. నాయన బొగ్గుబాయిలో పనిచేసేవాడు. గోదావరిఖనిలో కొత్త గనులు తెరుస్తున్న రోజుల్లో నేను అక్కడ ఒక దవాఖానలో నర్సుగా చేరాను. ఎముకలు విరిగి, ఒళ్లు నలిగి వచ్చే మనుషులను మంచాల మీదికి ఎత్తీ దించీ రెండేళ్లకే నా నడుము పట్టేసింది. ఒకరోజు నిలబడలేకపోతే డాక్టరుగారు పెథిడిన్ అనే నొప్పి తగ్గించే మత్తుసూది వేయించారు. అబ్బా, ఏమి హాయి! నొప్పే కాదు, ఆ వారం నా చేతుల్లో పోయిన మనుషుల ముఖాలు కూడా మరిచిపోయాను. నడుము బాగైంది గానీ మనసు ఆ సూదినే అడగసాగింది. చివరికి రోగికి రాసిన మందులో సగం నేను పొడుచుకుని, మిగిలిన సగంలో నీళ్లు కలిపి అతనికి వేసేదాన్ని! ఆదివారం మాత్రం గుడిలో అందరికన్నా ముందు పాట ఎత్తుకునేదాన్ని.

అప్పుడే రాజయ్య అనే పెద్దాయన వచ్చాడు, నేను కాకా అని పిలిచేదాన్ని. బాయిలో బండ కూలి మోకాలి కింద కాలు నుజ్జయింది. అతని భార్య లచ్చమ్మ మంచం పక్కనే నేల మీద కూర్చుని ఉండేది. నేను సూది వేసి వెళ్లిన కాసేపటికే కాక మళ్లీ మూలిగేవాడు.

"సిస్టర్ బిడ్డా, సూది ఇచ్చినవు గదా, జర గూడ తగ్గుతలేదేంది?"

"ఇచ్చిన కాకా, ఓర్చుకోవాలె" అనేదాన్ని నేను, కళ్లలోకి చూడకుండా.

"ఊకె లొల్లి పెట్టకు! పక్క మంచపాయన ఏడుస్తున్నడా? గింత పిరికోనివేంది?" అని లచ్చమ్మ సిగ్గుతో కసిరేది. పాపం, అతను తువ్వాల పళ్ల మధ్య పెట్టుకుని, "నా పానమే గట్టిది కాదు బిడ్డా, ఏమనుకోకు" అని నన్నే క్షమాపణ అడిగేవాడు. పదకొండు రోజులు అలా గడిచాయి!

పన్నెండో రోజు మధ్యాహ్నం లచ్చమ్మ నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నువ్వు దేవునికి మొక్కేదానివి. మా ఆయన నొప్పి పోవాలని జర మొక్కు."

కాక నుదుటి మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, ఈయన నొప్పిని..." అన్నాను. ఆ పైన మాట రాలేదు. "ప్రభువా, ఈయన మందు నేను దొంగిలించాను" అని బయటికే వచ్చేసింది. కాక కళ్లు మూసుకున్నాడు. లచ్చమ్మ నా చెయ్యి వదిలేసి, "పిరికోడని తిట్టిన గదనే. నా నోటితోని గా మాట అనిపించినవు" అంది.

తిన్నగా మేట్రనమ్మ దగ్గరికి వెళ్లి చెప్పేశాను. ఉద్యోగం పోయింది. పాస్టరుగారి భార్య నన్ను తన ఇంటికి తీసుకెళ్లింది. చెమటలు, వాంతులు, ఎముకల్లో చీమలు పాకినట్టు బాధ! తట్టుకోలేక ఒక పొద్దున మందుల దుకాణం దాకా పరుగెత్తాను. ఆ తల్లి చెప్పులు కూడా లేకుండా వెనకే వచ్చి నా మణికట్టు పట్టుకుని వెనక్కి నడిపించింది. ఇంటికొచ్చి మోకరించి, "ప్రభువా, నొప్పి తియ్యకు, ఓర్చే బలం ఇయ్యి" అని ఏడ్చాను. ఒక్క రోజులో జరగలేదు గానీ, నెమ్మదిగా నా ఒళ్లు ఆ మందును అడగడం మానేసింది. ఇన్నేళ్లలో మళ్లీ ముట్టలేదు. దేవునికే మహిమ!

కాక కాలు తీసేశారు. అది నా వల్ల కాదని డాక్టరుగారు చెప్పారు గానీ, ఆ పదకొండు రోజులు నావే. నేను క్షమాపణ అడగడానికి వాళ్ల క్వార్టరుకు వెళ్లినప్పుడు లచ్చమ్మ తలుపు మూసింది. లోపలి నుంచి కాక, "రానియ్యే, బిడ్డ గూడ బాధ పడ్డది" అన్నాడు. అతను క్షమించాడు. ఆమె ఇప్పటికీ ఎదురుపడితే తల తిప్పుకుంటుంది. ఆ హక్కు ఆమెకుంది.

ఇప్పుడు నస్పూర్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో పుండ్లు కడిగి కట్టు కడుతున్నాను. మందుల బీరువా తాళం నాకివ్వవద్దని నేనే అడిగాను. ప్రియులారా, మీలో ఎవరైనా లోపల ఇలాంటిది మోస్తుంటే రేపటిదాకా ఆగకండి, నేను ఆగిన ప్రతి రోజూ ఇంకొకరి ఒంటి మీద గడిచింది. ప్రభువు దగ్గరికి రండి. ఆయన మిమ్మల్ని తోసివేయడు.