అమ్మ కాచిన ద్రాక్షరసం

మా కోడలు పొయ్యి మీద ఎండుద్రాక్ష ఉడికిస్తుంటే, ఆ తీపి ఆవిరికి నాకిప్పటికీ అమ్మ వంటిల్లు గుర్తొస్తుంది.

బందరులో మా చర్చికి నెలనెలా ప్రభు బల్ల కోసం, అంటే ప్రభువును తలుచుకుంటూ అందరూ తాగడానికి, ద్రాక్షరసం కాచేది అమ్మే. మాకు చుక్క కూడా రుచి చూపించేది కాదు. ఆదివారం చాపల మీద కూర్చున్న ఆడవాళ్ల మధ్య ఒకే గిన్నె చేతులు మారుతూ వచ్చేది. నాయనమ్మ అందరికంటే ముందు తాగేది. అమ్మ మాత్రం తాగకుండా పక్కావిడకి అందించేది. ఇంట్లోనే దొంగతనంగా తాగేసి ఉంటుందని నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. పగ ఉన్నవాళ్లు గిన్నె ముట్టకూడదని పాస్టరుగారు చెప్పే మాట నా చెవికెక్కలేదు.

అమ్మ ముంజేతి మీద, నాయనమ్మ అట్లకాడ కాల్చి పెట్టిన వాత ఉండేది.

ఒక వానాకాలపు ఆదివారం, గిన్నె రాకముందే అమ్మ లేచి వెళ్లి నాయనమ్మ ఎదురుగా కూర్చుంది.

"అత్తయ్యగారూ, మీ మీద పగతోనే ఇన్నాళ్లూ గిన్నె ముట్టలేదండి. ఇక మొయ్యలేను. ప్రభువు ఎదుట వదిలేస్తున్నాను."

"నలుగుర్లో నన్ను దోషిని చేస్తావటే?" అంది నాయనమ్మ.

ఆ రోజు అమ్మ తాగింది. నాయనమ్మ గిన్నెను పక్కకు నెట్టేసింది. అమ్మ గెలిచిందని నేను సంబరపడ్డాను.

అది గెలవడం కాదని నాకు పెళ్లయ్యాక గానీ తెలిసిరాలేదు. నాయనమ్మ ఏనాడూ క్షమించమని అడగలేదు, చనిపోయేదాకా మళ్లీ గిన్నె ముట్టలేదు. అమ్మ రోజూ రాత్రి నిద్రలో ఉలిక్కిపడి లేవడం మాత్రం ఆ ఆదివారంతో ఆగిపోయింది. నెలనెలా ఎండుద్రాక్ష తపేలాలో పోశాక, ఆవిడ ముట్టదని తెలిసినా, "ఇది మీ నాయనమ్మకి" అంటూ ఇంకో గుప్పెడు వేసేది.