అలల్లేని ఊళ్ళో ఆరో పాట

ఎడారి ఊరు టూసాన్ ఎండల్లో వెండెల్ ప్రూయిట్ పగలంతా మిద్దెల మీదే ఉంటాడు. కూలర్లలో గడ్డి మార్చడం, ఉప్పు పేరుకున్న పంపులు గీకడం అతని బతుకుతెరువు. ముప్ఫై ఏళ్ళుగా బతుకు మాత్రం స్టీల్ గిటారు. కాళ్ళున్న బల్లలాంటి ఆ వాద్యం ముందు కూర్చుని, ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తూ కింద పెడళ్ళు తొక్కితే, ఇల్లు తప్పిపోయినవాడి ఏడుపు లాంటి రాగం సాగేది. డెలా హాస్కిన్స్ పాడే కంట్రీ పాటలకి ఆ ఏడుపే ప్రాణమని ఊరంతా అనేది.

అదంతా రెనో రాకముందు.

రెనో బాల్డెరాస్‌కి ఇరవయ్యారేళ్ళు. సముద్రం పక్క ఊరి నుంచి, తుప్పు పట్టిన వ్యానులో ఒక గిటారు వేసుకుని వచ్చాడు. దాని మోతలో అలలు విరిగేవి. ఎండిన వాగుల ఇసుకలో పుట్టిన పాటల్లోకి డెలా ఆ అలల్ని రానిచ్చింది. వాటి వెనకే మత్తెక్కించే ప్రతిధ్వనులు, నిద్రలో పలికినట్టుండే గొంతులు వచ్చాయి. ఆ పాటలతో చేసిన కొత్త ఆల్బంకి ‘అలల్లేని ఊరు’ అని పేరు పెట్టింది. ఆ పేరు కూడా రెనో కోసమే పెట్టినట్టు తోచింది వెండెల్‌కి.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ డెలా ట్రక్కులో ఇరుక్కుని కూర్చున్నారు. స్టూడియోలో ఎంత బాగున్నా సరే, ట్రక్కు స్పీకర్లలో బాగుంటేనే పాట బాగున్నట్టు లెక్క డెలాకి. అద్దాలు దించి, ముళ్ళచెట్ల మధ్య దారిలో పోనిస్తూ ఆల్బం మొదలుపెట్టింది.

"బాబాయ్, కాస్త జరుగు. గేరు నా మోకాలికి తగులుతోంది" అన్నాడు మధ్యలో ఉన్న రెనో.

"ఇంకెక్కడికి జరగనురా? ఆల్బంలోంచే జరిగిపోయాను."

ఆరో పాట మధ్యలో వాద్యాలన్నీ ఆగిపోయాయి. ఏమీ లేని చోటు నుంచి ఒక స్వరం లేచింది. సన్నగా పుట్టి, ఉబ్బి, ఇంకా ఉబ్బి, అంచుకొచ్చాక టక్కున తెగింది. దాని వెనకే ఇంకొకటి. వెండెల్ మెడ మీద వెంట్రుకలు నిక్కాయి. ముప్ఫై ఏళ్ళు తన పాదాలు వెతికింది దీన్నే. దొరికింది మాత్రం పక్కవాడి వేళ్ళకి.

"ఎలా ఉంది?" డెలా అడిగింది.

"బానే ఉంది. పిల్లాడు కష్టపడ్డాడు. ఇంక నాతో పనేముంది? శనివారం కచేరీకి నన్ను పిలవకు. నా కూలర్లు నేను చూసుకుంటా."

"ఏ పిల్లాడు?"

"నీ సముద్రపు పిల్లాడే."

రెనో నోరు తెరవబోతే డెలా మోచేత్తో పొడిచింది. ట్రక్కు పక్కకి ఆపింది.

"ఒరేయ్ మొద్దూ, అది నువ్వే! మార్చిలో వాయించి, ‘దరిద్రంగా ఉంది, చెరిపెయ్’ అని విసురుగా వెళ్ళిపోయావు చూడు, అదే. నేను చెరపలేదు. టేపు వెనక నుంచి ముందుకి తిప్పి పెట్టాను, అంతే."

"అబద్ధం."

ఆమె మళ్ళీ పెట్టింది. ఈసారి వినపడింది. కడ్డీ జారే తీరు, మధ్యలో తన చేతి సన్నని వణుకు. అయినా ఈర్ష్య చల్లారలేదు. ఇన్నాళ్ళూ రెనో మీదున్నది, మార్చిలో ఏమీ తెలియకుండానే ఇది వాయించేసిన ఆ వెండెల్ మీదికి మళ్ళింది.

"అయితే శనివారం వాయించాల్సింది నేనా?"

"మరి మీ అమ్మమ్మా?"

"తిరగేసిన దాన్ని స్టేజి మీద ఎలా వాయించను డెలా? నాకు రాదు."

రెనో గొంతు సవరించుకున్నాడు. "నాకు వచ్చు బాబాయ్. రెండు వారాలుగా ఇంట్లో అదే పని. నీ అంత కాదనుకో."

వెండెల్ వాడి వైపు చూశాడు. తన సొంత ఏడుపు కూడా ముందు వీడికే వచ్చిందన్నమాట. పళ్ళు కొరుక్కుని ట్రక్కు తలుపు తీశాడు.

"గిటారు తెచ్చావా?"

"వెనకే ఉంది."

"తియ్యి. ఆ మొదటి స్వరం ఎలా ఉబ్బిస్తున్నావో చూపించు. మెల్లగా. డెలా, నువ్వు అటు తిరుగు."